ఐరోపా ఉద్యోగానికి అసలు ఖర్చెంత? – సరిహద్దు కుటుంబాలు ముందే వేసుకోవలసిన లెక్క

గల్ఫ్ దేశాలకు పోవడం మన సరిహద్దు పల్లెలకు కొత్త సంగతి కాదు. ఎవరికి ఎంత కట్టాలో, ఎన్ని నెలల్లో ఆ అప్పు తీరుతుందో అనుభవం మీద చెప్పగలవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కొన్నేళ్ళుగా మాత్రం ఏజెంట్ల నోట ఇటలీ, రొమేనియా, పోలండ్, క్రొయేషియా అనే పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నవి. ద్రాక్షతోటల పని, గిడ్డంగి పని, వెల్డింగు, వృద్ధుల సంరక్షణ అంటూ చెబుతున్నారు. జీతం యూరోలలో అనగానే అడిగే సొమ్ము కూడా అనేక రెట్లు పెరుగుతున్నది. గల్ఫ్ లెక్క తెలిసిన పెద్దలకు సైతం ఈ లెక్క తెలియదు. కనుక ఐరోపా ఉద్యోగానికి చట్టప్రకారం అయ్యే ఖర్చు ఎంత, దానిపైన దళారులు గుంజేది ఎంత, ఆ తేడాను కూలివాడు ఎన్ని గంటల శ్రమతో తీర్చవలసి వస్తుంది అనే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. లెక్క సులభంగా ఉండడానికి ఒక యూరోను 100 రూపాయలుగా తీసుకున్నాము. అసలు మారకపు ధర రోజురోజుకూ కొంత మారుతుంటుంది.

చట్టప్రకారం అయ్యే ఖర్చు

ఇటలీలో వ్యవసాయ పనిని ఉదాహరణగా తీసుకుందాము. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్ పద్ధతిలో అయితే మరో 2,000. పోలీసు ధ్రువపత్రానికి 500. ఇక అసలు అనుమతి విషయానికి వస్తే, విదేశీ కూలీలను ఎందరిని రానివ్వాలో ఇటలీ ప్రభుత్వం కోటా ప్రకటిస్తుంది. 2023 నుండి 2025 వరకు మూడేళ్ళకు కలిపి 4,52,000 మందికి ఇలా అవకాశం ప్రకటించారు. ఆ కోటా కింద దరఖాస్తు చేయవలసినది ఇక్కడి కూలివాడు కాదు, అక్కడి యజమాని. 'నుల్లా ఓస్తా' అని పిలిచే ఆ అనుమతి కోసం అక్కడి సర్కారుకు దాఖలు చేసే ముద్ర విలువ 16 యూరోలు. అనగా 1,600 రూపాయలు. "నుల్లా ఓస్తా తెప్పించడానికే ఎనిమిది లక్షలు అయింది" అని చెప్పే ఏజెంటు ఎదురైతే పాఠకులు ఈ అంకెను గుర్తుంచుకోవలెను.

అనుమతి వచ్చిన తరువాత దీర్ఘకాలిక వీసాకు రుసుము 116 యూరోలు. దీనిపై వీసా కేంద్రం వారి సేవా రుసుము కొంత ఉంటుంది. ఇటలీ చేరిన ఎనిమిది పనిదినాలలోగా నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. ఏడాది లోపు అనుమతికి 40 యూరోలు, కార్డు తయారీకి 30.46, తపాలా కార్యాలయానికి 30, ముద్రకు 16, మొత్తం 116.46 యూరోలు. ఇది అక్కడికి వెళ్ళిన తరువాత చేతిలో ఉండవలసిన సొమ్ము. ఇక్కడి ఏజెంటు దీనిని ముందే వసూలు చేస్తే, అక్కడ మళ్ళీ కట్టవలసి రాదని కాగితం మీద వ్రాయించుకోవలెను.

ఏజెంటు రుసుముకు మన దేశంలో హద్దు ఉన్నది. 1983 నాటి వలసల చట్టం కింద చేసిన నియమాల ప్రకారం లైసెన్సు గల ఏజెంటు ఒక్కొక్కరి వద్ద గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జి.ఎస్.టి. మాత్రమే తీసుకోవచ్చు. అంటే 35,400. దీనికి రశీదు ఇవ్వాలి. విమానం టిక్కెట్టుకు 50,000 వేసుకున్నా, పాస్‌పోర్టు, పోలీసు పత్రం, వీసా, నివాస అనుమతి, ఏజెంటు రుసుము అన్నీ కలిపితే లక్షా పదివేల చిల్లర అవుతుంది. కాగితాల అనువాదాలు, ప్రయాణాలు, చలి దుస్తులు, మొదటి నెల తిండి ఖర్చు చేర్చినా లక్షన్నర ప్రాంతంలోనే ఆగుతుంది. ఇంతకుమించి అడిగే ప్రతి రూపాయి ఎవరి జేబులోకి పోతున్నదని అడిగే హక్కు కుటుంబానికి ఉన్నది.

వెరోనాలో బయటపడిన లెక్క

2024 జూలైలో ఇటలీ ఉత్తర భాగాన గల వెరోనా ప్రాంతంలో పోలీసులు 33 మంది భారతీయ వ్యవసాయ కూలీలను బానిసత్వం వంటి స్థితి నుండి విడిపించారు. వీరు దొంగదారిన పోయినవారు కారు. కాలానుగుణ పని అనుమతులపై వెళ్ళినవారే. ఒక్కొక్కరు 17,000 యూరోలు చెల్లించేటట్లు ఒప్పందం. ఆనాటి ధరలో అది సుమారు 15 లక్షల రూపాయలు. వారంలో ఏడు రోజులూ, రోజుకు 10 నుండి 12 గంటలు పని. గంటకు 4 యూరోలు. ఆ నాలుగు యూరోలు కూడా చేతికి రాలేదు, మొత్తం అప్పు కింద జమ. పాస్‌పోర్టులు లాగివేసుకున్నారు. శాశ్వత అనుమతి కావాలంటే మరో 13,000 యూరోలు కట్టాలని కొందరికి చెప్పారు.

ఈ అంకెలను మన ఊరి పద్దులాగా వేసి చూడండి. 17,000 యూరోలను గంటకు నాలుగు చొప్పున తీర్చాలంటే 4,250 గంటలు పనిచేయాలి. రోజుకు 11 గంటల లెక్కన ఆదివారం, పండుగ, జ్వరం ఏమీ లేకుండా 386 రోజులు. కాని ఇటలీలో కాలానుగుణ పనికి అనుమతి ఏడాదిలో తొమ్మిది నెలలకు మించదు. ఆ 270 రోజులూ ఒక్క పూట మానకుండా పనిచేసినా 11,880 యూరోలే తీరుతుంది. అనుమతి గడువు ముగిసే నాటికి ఇంకా 5,120 యూరోల అప్పు మిగిలి ఉంటుంది. అప్పు మిగిలినవాడు ఇంటికి తిరిగి రాలేడు, గడువు దాటినవాడు అక్కడ చట్టప్రకారం ఉండలేడు. అప్పుడు 13,000 యూరోల మాట ఎందుకు వస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. ఇది లెక్క తప్పి జరిగినది కాదు. లెక్క వేసి చేసినదే.

ఆ 33 మందికి రక్షణ, పని, చట్టబద్ధ నివాస పత్రాలు కల్పిస్తామని ఇటలీ అధికారులు ప్రకటించారు. శ్రమ దోపిడీకి గురైనవారు ఫిర్యాదు చేస్తే అక్కడ ప్రత్యేక నివాస అనుమతి పొందే వీలు చట్టంలో ఉన్నది. పోలీసుల వద్దకు పోతే వెంటనే విమానం ఎక్కిస్తారన్న భయంతో చాలామంది నోరు మెదపరు. ఆ భయమే మేస్త్రీల పెట్టుబడి. కూలీలను ఇలా పట్టి పని చేయించే మేస్త్రీ పద్ధతిని ఇటలీలో 'కపొరలాతో' అంటారు. దానిపై 2016లో 199వ నంబరు చట్టం చేశారు.

కోటా పద్ధతిలోనే వ్యాపారం జరుగుతున్నదని ఆ దేశ ప్రధాని జార్జియా మెలోనీ స్వయంగా 2024 జూన్‌లో మాఫియా వ్యతిరేక విభాగపు జాతీయ ప్రాసిక్యూటరుకు తెలియజేశారు. ఒక్కో దరఖాస్తుకు 15,000 యూరోల వరకు చేతులు మారుతున్నదని ఆమె చెప్పిన మాట. కొన్నిచోట్ల దరఖాస్తుల సంఖ్యకు, అక్కడ పని ఇవ్వగల యజమానుల సంఖ్యకు పొంతనే లేదు. తీరా విమానం దిగేసరికి 'యజమాని' కనబడకపోవడం అందువల్లనే జరుగుతుంది. పని ఒప్పందం కుదరనిదే నివాస అనుమతి రాదు. చట్టబద్ధంగా వెళ్ళినవాడు కొన్ని వారాలలోనే కాగితాలు లేనివాడు అవుతాడు.

కాగితాలు లేకపోవడానికి చెల్లించే వెల డబ్బుతో ఆగదు. రోముకు దక్షిణాన గల లతీనా ప్రాంతపు పొలాలలో ఒప్పంద పత్రం లేకుండా పనిచేస్తున్న పంజాబు యువకుడు సత్నామ్ సింగ్ చేయి 2024 జూన్‌లో యంత్రంలో పడి తెగిపోయింది. ఆసుపత్రికి చేర్చకుండా అతనిని ఇంటి ముందు వదిలి పోయారు. జూన్ 19న రోములో మరణించాడు. ఆ మరణంపై ఇటలీ అంతటా కార్మికులు వీధుల్లోకి వచ్చారు.

వడ్డీ రూపాయల్లో, జీతం యూరోలలో

ఇప్పుడు మోసం లేని ఉద్యోగమే దొరికిందని అనుకుందాము. పన్నులు, సామాజిక భద్రతా కోతలు పోను నెలకు 1,100 యూరోలు చేతికి వస్తున్నదనీ, అద్దెకు, తిండికి 450 ఖర్చవుతున్నదనీ ఊహిద్దాము. మిగిలేది 650 యూరోలు, అనగా 65,000 రూపాయలు. తొమ్మిది నెలలకు 5 లక్షల 85 వేలు. చూడడానికి బాగానే ఉన్నది.

లక్షన్నర అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు తొమ్మిది నెలల వడ్డీ 27,000 కలిపి తీర్చినా నాలుగు లక్షలకు పైగా మిగుల్చుకుంటాడు. ఆరు లక్షలు నూటికి మూడు రూపాయలకు తెచ్చినవాడికి మొదటి నెల వడ్డీయే 18,000. మొదటి నెల నుండే 65,000 చొప్పున తప్పకుండా పంపినా తొమ్మిదో నెలాఖరుకు ఇంకా లక్షా ఇరవై వేలకు పైగా బాకీ ఉంటుంది. మొదటి జీతం చేతికి రావడానికే నెల, నెలన్నర పట్టడం మామూలు. వడ్డీ మాత్రం నోటు వ్రాసిన రోజు నుండి నడుస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36 శాతం. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి తీసుకునే అప్పుకు ఇందులో సగం వడ్డీ కూడా పడదు. అయినా బ్యాంకు మెట్లు ఎక్కడానికి మొహమాటపడి ప్రామిసరీ నోటుపై సంతకం చేసే కుటుంబాలు మన వైపు తక్కువేమీ కాదు. పొలం కాగితం తాకట్టు పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగాలి. అనుమతి ఎన్ని నెలలకు? అప్పు ఎన్ని నెలలకు? రెండవది మొదటిదానికన్నా ఎక్కువైతే ఆ ప్రయాణం నష్టంతోనే మొదలవుతున్నది.

కోతల సంగతి కూడా ముందే తెలుసుకోవలెను. ఏజెంట్లు చెప్పేది ఎప్పుడూ కోతలకు ముందు జీతమే. జర్మనీలో సామాజిక భద్రత చందాల కింద మాత్రమే జీతంలో సుమారు ఐదో వంతు పోతుంది, ఆదాయపు పన్ను వేరు. అద్దె ఇంటికి అక్కడ మూడు నెలల అద్దె వరకు బయానాగా అడగవచ్చునని చట్టమే చెబుతున్నది. ఐరోపా సమాఖ్య 2014లో కాలానుగుణ కూలీల కోసం చేసిన ఆదేశం ప్రకారం, యజమాని చూపించిన బసకు అద్దె కూలివాని జీతంతో పోలిస్తే మితిమీరి ఉండరాదు. ఆ అద్దెను జీతం నుండి తనంతట తానే కోసుకోరాదు. ఒప్పంద పత్రంలో బస గురించి ఏమి వ్రాశారో చదివించుకోవడం ఇందుకే అవసరం.

గల్ఫ్‌కు ఉన్న తనిఖీ ఐరోపాకు లేదు

పదో తరగతి తప్పినవారి పాస్‌పోర్టుపై 'ఇ.సి.ఆర్.' అని ఉంటుందని అందరికీ తెలుసు. అటువంటివారు సౌదీ, కువైట్, ఖతర్, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఆ అధికారి పని ఒప్పందాన్ని చూస్తాడు, బీమా ఉన్నదో లేదో చూస్తాడు. ఆ 18 దేశాల జాబితాలో ఇటలీ, రొమేనియా, పోలండ్ వంటివి లేవు. ఐరోపాలో చట్టాలు బలంగా ఉంటాయన్న భావనతో ఏర్పడిన పద్ధతి ఇది. దాని ఫలితం మాత్రం విచిత్రంగా ఉన్నది. లక్ష పెట్టి దుబాయికి పోయేవాడి ఒప్పందాన్ని సర్కారు ఒకసారి చూస్తుంది, పది లక్షలు పెట్టి ఐరోపాకు పోయేవాడి ఒప్పందాన్ని ఎవరూ చూడరు. ఆ తనిఖీ కుటుంబమే చేసుకోవాలి.

అయితే ఏజెంటుకు లైసెన్సు ఉండాలన్న నిబంధన అన్ని దేశాలకూ వర్తిస్తుంది. లైసెన్సు గలవారి పేర్లు విదేశాంగ శాఖ వారి 'ఇ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూడవచ్చు. ముంబైలోనో ఢిల్లీలోనో లైసెన్సు గల సంస్థ పేరు చెప్పి ఊళ్ళో డబ్బు వసూలు చేసే ఉప ఏజెంటుకు చట్టంలో స్థానం లేదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపేవారికి 1983 చట్టం విధించిన శిక్ష రెండేళ్ళ వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా. తలకు పది లక్షలు గుంజేవాడికి రెండు వేల జరిమానా ఏపాటి భయం కలిగిస్తుందో పాఠకులే ఊహించుకోగలరు. ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్ర ప్రభుత్వం 2025లో ముసాయిదా బిల్లు వెలువరించింది.

కన్సల్టెన్సీ బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ ఏజెంటు కాడు. రష్యాలో సహాయకుల ఉద్యోగాలని చెప్పి యువకులను యుద్ధరంగానికి తరలించిన వ్యవహారంలో 2024 మార్చిలో సి.బి.ఐ. కేసు పెట్టినది ఇటువంటి వీసా కన్సల్టెన్సీలపైనే. ఆ విధంగా చిక్కుకుని 2024 సెప్టెంబరులో ప్రాణాలతో తిరిగి వచ్చినవారిలో నారాయణపేటవారు ఒకరు, కలబురగి జిల్లావారు ముగ్గురు ఉన్నారు. హైదరాబాదుకు చెందిన యువకుడొకరు అక్కడే మరణించాడు. ఇది సరిహద్దుకు ఇటూ అటూ తగిలిన దెబ్బ.

పేర్ల చిక్కు

సరిహద్దు తెలుగు కుటుంబాలకు మాత్రమే ప్రత్యేకమైన ఖర్చు ఒకటున్నది. కుప్పంలో చదివిన అన్న పత్రాల్లో ఇంటిపేరు ముందు ఉంటుంది. హొసూరులో చదివిన తమ్ముడికి తండ్రి పేరులోని పొడి అక్షరం తప్ప ఇంటిపేరే ఉండదు. బళ్ళారి వైపు పొడి అక్షరంలో ఊరి పేరు కూడా కలుస్తుంది. షోలాపూరులో తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరుస. పర్లాకిమిడి, రాయగడలలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఇక్కడ ఇవేవీ అడ్డు కావు, ఊరంతా ఎరిగినవారే. ఐరోపా దేశాలలో మాత్రం ఇంటిపేరు, సొంతపేరు రెండు వేరు గడులు. ఇటలీలో ప్రతి కార్మికుడికీ ఇచ్చే పన్ను సంకేతం ఇంటిపేరులోని, పేరులోని అక్షరాలు, పుట్టిన తేదీ ఆధారంగానే తయారవుతుంది. పాస్‌పోర్టులో ఒక వరుస, ఒప్పందంలో మరొక వరుస ఉంటే జీతం, బ్యాంకు ఖాతా, బీమా అన్నీ తికమకపడతాయి.

అందుచేత ఏజెంటు వద్దకు పోవడానికి ముందే పదో తరగతి పత్రం, ఆధార్, జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు నాలుగూ పక్కపక్కన పెట్టి చూసుకోవలెను. పాస్‌పోర్టులో సవరణ అంటే మళ్ళీ 1,500 రూపాయలతో కొత్త పాస్‌పోర్టే. అఫిడవిట్టు, పత్రికా ప్రకటన ఖర్చులు వేరు. ఆఖరి నిమిషంలో ఈ పని ఏజెంటుకు అప్పగిస్తే వేలల్లో బిల్లు వేస్తాడు.

పత్రాల ధ్రువీకరణలోనూ ఇదే తంటా. ఇటలీ వంటి దేశాలకు విదేశాంగ శాఖ వేసే 'అపోస్టిల్' ముద్ర కావాలి. దానికి సర్కారు రుసుము పత్రానికి 50 రూపాయలే, సేవా కేంద్రం వారి చార్జీలు అదనం. కాని చదువు పత్రాలను అంతకుముందు ఏ రాష్ట్రం ఇచ్చిందో ఆ రాష్ట్రపు అధికారులు ధ్రువీకరించడం మామూలు పద్ధతి. ఉండేది కర్ణాటకలో, చదివింది ఆంధ్రలో, పుట్టింది తమిళనాడులో అయినవాడు మూడు రాజధానులు తిరగవలసి వస్తుంది. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ పత్రాలకు అనువాదం కూడా చేయించాలి. ఈ తిరుగుళ్ళకు రెండు నెలలు ముందు నుండి సమయం పెట్టుకుంటే ఖర్చు కొన్ని వేలలో తేలుతుంది.

(యానాంలో 1956 నాటి ఒప్పందం ఆధారంగా ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాల వారసుల లెక్క వేరు. ఫ్రెంచి పౌరులుగా ఉన్నవారికి ఐరోపా సమాఖ్య దేశాలలో పని అనుమతి అవసరమే లేదు.)

బ్రిటన్, జర్మనీల సంగతి

వృద్ధుల సంరక్షణ పనికి బ్రిటన్ పంపిస్తామని ఇప్పటికీ ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. విదేశాల నుండి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే దారిని ఆ దేశం 2025 జూలై 22న మూసివేసింది. ఇతర నైపుణ్య ఉద్యోగాలకు మూడేళ్ళ వీసా రుసుము 2025 ఏప్రిల్ నాటికి 769 పౌండ్లు ఉండేది. ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున వైద్య సుంకం ముందే కట్టాలి. ఆ లెక్కన రెండూ కలిపి 3,874 పౌండ్లు. దీనికి తోడు యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ పత్రానికి డబ్బు అడిగితే అది చట్టవిరుద్ధం. ఆ ఖర్చును ఉద్యోగిపై వేయరాదని 2024 డిసెంబరు 31 నుండి నిషేధం ఉన్నది. యజమాని లైసెన్సు రద్దయితే మరొకరిని వెతుక్కోవడానికి దొరికేది 60 రోజులు.

జర్మనీలో నర్సులకు డబ్బుకన్నా కాలమే పెద్ద ఖర్చు. జర్మను భాష బి-2 స్థాయికి రావడానికి ఏడాది పైన పడుతుంది, ఆ కాలమంతా సంపాదన ఉండదు. జర్మనీ ప్రభుత్వ సంస్థలు నడిపే 'ట్రిపుల్ విన్' పథకంలో అభ్యర్థి నుండి రుసుము తీసుకోరు, భాషా శిక్షణ కూడా వారిదే. కేరళ ప్రభుత్వ నోర్కా 2021 డిసెంబరులో ఈ పథకంలో చేరింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్, 1978 నుండి నడుస్తున్న తమిళనాడు ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్, కర్ణాటకలోని అంతర్జాతీయ వలస కేంద్రం సర్కారు సంస్థలు. వీటి ప్రకటనల్లో ఖర్చు ఎంతో ముందే వ్రాసి ఉంటుంది. నివాసం ఏ రాష్ట్రంలో ఉండాలన్న నిబంధన ఉన్నదేమో చూసుకుని దరఖాస్తు చేయవచ్చు.

"ముందు రొమేనియాకు పో, అక్కడి నుండి ఇటలీకి దాటిస్తాము" అన్న మాట కూడా తరచుగా వినబడుతున్నది. 2025 జనవరి నుండి రొమేనియా షెంగెన్ ప్రాంతంలో పూర్తిగా చేరినందున సరిహద్దు దాటడం సులభమైన మాట నిజమే. కాని రొమేనియా ఇచ్చిన పని అనుమతి ఇటలీలో చెల్లదు.

డబ్బు పోయినప్పుడు

సొమ్ము ఇచ్చేది బ్యాంకు ఖాతా ద్వారానే ఇవ్వాలి, రశీదు తీసుకోవాలి. చేతికి ఇచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు. డబ్బు తీసుకున్నవాడు పక్క రాష్ట్రంవాడైతే "మా పరిధి కాదు" అని పోలీసులు తిప్పి పంపడం మనకు పాత అనుభవమే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ విభాగం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఏజెంటుపై ఫిర్యాదును ఇ-మైగ్రేట్ ద్వారా గానీ, హైదరాబాదు, చెన్నై, ముంబై నగరాలలోని వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయాలలో గానీ ఇవ్వవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను 1800-11-3090. విదేశంలో చిక్కుకున్నవారి తరఫున ఇంటివారు విదేశాంగ శాఖ 'మదద్' వెబ్‌సైటులో నమోదు చేయవచ్చు. తిరుగు టిక్కెట్టుకు సైతం డబ్బులేని నిస్సహాయులకు సాయం చేయడానికి మన రాయబార కార్యాలయాలలో 2009 నుండి సంక్షేమ నిధి ఉన్నది. ఆ నిధి నుండి సాయం కావాలంటే అక్కడి మన రాయబార కార్యాలయాన్నిగానీ కాన్సులేటునుగానీ సంప్రదించాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, రశీదుల నకళ్ళు ఒక జత ఇంట్లో ఉంచుకున్న కుటుంబాలకు ఈ పనులన్నీ త్వరగా అవుతాయి.